పద్నాలుగు వేల ఫొటోలు... గోడకి ఒక్కటీ లేదు!

విజయవాడ సత్యనారాయణపురంలో ఓ ఇల్లు. 2017వ సంవత్సరం. ఇంటి పెద్దావిడ పోయి నాలుగు రోజులైంది. పదకొండో రోజుకి ఫొటో కావాలి. హాల్లో బల్ల వేసి, ఫొటో పెట్టి, దండ వేసి, దీపం వెలిగించాలి.

'ఒక మంచి ఫొటో చూసి ఉంచరా. పొద్దున్నే స్టూడియో అతనికి ఇచ్చేస్తే ఫ్రేమ్ కట్టిస్తాడు' అన్నాడు మేనమామ.

'అదెంత పని మామయ్యా! కంప్యూటర్ నిండా ఫొటోలే కదా' అన్నాడు కొడుకు.

రాత్రి తొమ్మిదింటికి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒంటిగంట దాటినా లేవలేదు. అందులో ఉన్నవి అక్షరాలా పద్నాలుగు వేల ఫొటోలు. అన్నీ ఆ ఇంటివే. అమ్మ వాటిలో లేదా అంటే... ఉంది. మనవడి అన్నప్రాసనలో ఉంది. మొహానికి అడ్డంగా ఎవరిదో చెయ్యి. తిరుమలలో ఉంది. ఎండకి కళ్ళు మూసుకుని. గృహప్రవేశంలో పాలు పొంగిస్తూ ఉంది. వీపు మాత్రమే ఇటు. పుట్టినరోజు కేకు వెనక, వంటింటి గుమ్మంలో, మసగ్గా ఉంది. మనవరాలిని ఎత్తుకున్న ఫొటోలైతే పాతిక దాకా ఉన్నాయి. పాప మొహం చక్కగా వచ్చింది. నానమ్మవి చేతులే వచ్చాయి. ఒకే ఒక్క ఫొటోలో అమ్మ సూటిగా కెమెరాలోకి చూస్తోంది. అది కాస్తా కదిలిపోయింది.

చివరికి అక్క లేచి, బీరువా అడుగున ఉన్న బిస్కెట్ల డబ్బా తీసింది. 'ఒరేయ్ తమ్ముడూ, ఇది చూడు' అంటూ ఓ ఫొటో చేతిలో పెట్టింది. పోస్టుకార్డు సైజు. రంగు కాస్త వెలిసింది. అక్క పెళ్ళికి వారం ముందు అమ్మానాన్నా స్టూడియోకి వెళ్ళి తీయించుకున్నది. వెనక నాన్న చేతిరాత, పెన్సిల్‌తో... 'మే 1994'.

స్టూడియో అతను అందులోంచి అమ్మని విడదీసి, పెద్దది చేసి, ఫ్రేమ్ కట్టి ఇచ్చాడు. పదకొండో రోజున దానికే దండ వేశారు. పదేళ్ళ మనవడు మాత్రం దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు. 'నానమ్మ ఇలా ఉండేది కాదుగా?' అన్నాడు.

ఎవరి దగ్గరా జవాబు లేదు. వాడికి తెలిసిన నానమ్మ పద్నాలుగు వేల ఫొటోల్లో ఎక్కడా సరిగ్గా లేదు మరి!

ఊరందరూ చుట్టాలే, ఉట్టి కట్టడానికి చోటు లేదన్నట్టు... ఇన్ని వేల ఫొటోలుండి గోడకి ఒక్కటి లేకపోవడం ఏమిటి? ఇది ఆ ఒక్క ఇంటి సంగతే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. డిజిటల్ కెమెరా అడుగుపెట్టిన చాలా ఇళ్ళలో కథ ఇంచుమించు ఇదే.

రీలుకి ముప్పై ఆరే!

రీలు కెమెరా రోజుల్లో ప్రతి ఫొటోకీ లెక్క ఉండేది. రీలుకి 36. ఎక్కించేటప్పుడు ఫిల్మ్ వృథా కాకుండా జాగ్రత్తపడితే 37. అదృష్టం బాగుంటే 38. రీలు కొనడానికో ఖర్చు, కడిగించడానికో ఖర్చు, ప్రింటు ప్రింటుకీ ఖర్చు. అందుకే బటన్ నొక్కేముందు చెయ్యి ఆగేది. 'ఉండండుండండి, బాబాయ్ ఇంకా రాలేదు', 'అమ్మమ్మని కుర్చీలో కూర్చోబెట్టండి, పిల్లలంతా కింద కూర్చోండి' అంటూ సర్దుళ్ళు నడిచేవి. అందరూ కుదురుకున్నాకే క్లిక్.

దసరాకి తీయగా మిగిలిన నాలుగు ఫొటోల కోసం సంక్రాంతి దాకా రీలు కడిగించకుండా ఆగిన ఇళ్ళెన్నో. అందుకే పాత ఆల్బముల్లో బొమ్మల కొలువు పక్క పేజీలోనే భోగిమంట కనిపిస్తుంది. ఫొటోలు వచ్చిన రోజు ఇంట్లో అదో పండగ. కవరు చింపకముందే నాలుగు చేతులు ముందుకొచ్చేవి.

అసలు ఫొటోగ్రఫీ పుట్టిందే ఒక్కొక్కటిగా. 1826-27 ప్రాంతంలో ఫ్రాన్స్‌కి చెందిన నీప్స్ తన ఇంటి కిటికీలోంచి తీసిన ఒక్క దృశ్యానికి గంటలకు గంటలు పట్టింది. 1888లో అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరాలో వంద ఫొటోల రీలు ముందే ఎక్కించి ఉండేది. వందా అయిపోతే కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపాలి. వాళ్ళే ఫొటోలు కడిగి, కొత్త రీలు ఎక్కించి తిరిగి పంపేవారు. 1925లో జర్మనీ నుంచి లైకా కెమెరా వచ్చాక 36 అనే అంకె లోకమంతటికీ అలవాటైపోయింది.

ఆ అలవాటు ఎంత గట్టిదంటే... తొలి డిజిటల్ కెమెరా కూడా దాన్ని దాటలేదు. 1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ శాసన్ దాన్ని తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోలకు పైనే. నలుపు తెలుపు బొమ్మ, అదీ 100 చుక్కల వెడల్పు, 100 చుక్కల ఎత్తు. ఒక్క ఫొటోని క్యాసెట్ టేపు మీదకి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. ఆ క్యాసెట్‌కి ఆయన పెట్టిన పరిమితి 30 ఫొటోలు. ఎందుకలా అంటే... అప్పటి రీళ్ళలో 24వీ, 36వీ ఉండేవి. ఆ రెంటికీ మధ్యలో ఉంటే జనానికి అర్థమవుతుందని!

ఆ పరిమితి తర్వాత ఏమైందో తెలిసిందే. మెమరీ కార్డులు పెద్దవయ్యాయి. ముప్పై కాస్తా మూడొందలైంది, మూడు వేలైంది. డిజిటల్ కెమెరాని పుట్టించిన కొడాక్ కంపెనీయే 2012 జనవరిలో దివాలా రక్షణ కోరుతూ కోర్టు మెట్లెక్కింది.

9,999 తర్వాత మళ్ళీ ఒకటి

డిజిటల్ కెమెరా ఉన్నవాళ్ళు ఎన్ని ఫొటోలు తీశారో తెలుసుకోవడం తేలికే. ఫొటో పేరులోనే నంబరు ఉంటుంది. 1998లో జపాన్‌లో రూపుదిద్దుకున్న ఓ ప్రమాణం ప్రకారం, కెమెరాలన్నీ ఫొటో పేరు చివర నాలుగు అంకెలు వేస్తాయి. 0001తో మొదలై 9999 దాకా. ఆ తర్వాత కొత్త ఫోల్డరు తెరిచి మళ్ళీ 0001. స్కూటర్ మీటరు గిర్రున తిరిగి సున్నాకి వచ్చినట్టే!

ఇందులో ఓ తమాషా ఉంది. ఫొటో బాగాలేదని చెరిపేసినా నంబరు వెనక్కి రాదు. నంబర్లను మొదటికి తెచ్చే ఏర్పాటు ఎంచుకుంటే తప్ప లెక్క ముందుకే పోతుంది. సత్యనారాయణపురం ఇంట్లో కెమెరాతో తీసి దాచినవి 8,100. కానీ చివరి ఫొటో నంబరు 9,412. అంటే తీసిన వెంటనే చెరిపేసినవే 1,300 దాకా ఉన్నాయన్నమాట. రీలు రోజుల్లో అవి 36 రీళ్ళు!

పెద్ద కెమెరాల్లో ఇంకో లెక్కా ఉంటుంది. లోపలి షట్టర్ ఎన్నిసార్లు కొట్టుకుందో కెమెరా గుర్తుంచుకుంటుంది. షట్టర్‌కీ ఆయుష్షు ఉంది మరి. 2008లో వచ్చిన నికాన్ డీ90 షట్టర్‌ని లక్ష క్లిక్కులకి పరీక్షించారు. అంతకుముందు ఏడాది వచ్చిన డీ3కి మూడు లక్షలు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడిగినట్టే, పాత కెమెరా కొనేవాళ్ళు ఎన్ని క్లిక్కులైందని అడుగుతారు. పెళ్ళికి రెండు వేల చొప్పున తీసే ఫొటోగ్రాఫర్ చేతిలో లక్ష క్లిక్కులంటే 50 పెళ్ళిళ్ళు. మంచి ముహూర్తాలుంటే ఏడాది కూడా పట్టదు. ఇంట్లో వాడుకునేవాళ్ళకైతే లక్ష చేరేలోపు కెమెరా మీద మోజే తీరిపోతుంది.

మోజు గ్రాఫు

మోజుకి ఓ గ్రాఫు ఉంటుంది. కంప్యూటర్‌లో ఏడాదికో ఫోల్డరు పెట్టుకున్నవాళ్ళు ఎవరైనా దాన్ని గీసుకోవచ్చు.

ఆ ఇంట్లో కెమెరా కొన్నది 2005లో. కొన్న ఏడాది 900 ఫొటోలు. వాటిలో పెరట్లో మందారపువ్వుకే నలభై! రెండో ఏడాది 400. కెమెరా బీరువా ఎక్కింది. 2007లో బాబు పుట్టాడు. అంతే, 2,600! నిద్రపోతే ఫొటో, లేస్తే ఫొటో, ఆవలిస్తే నాలుగు ఫొటోలు. 2010లో పాప పుట్టింది. ఆ ఏడాది 1,100. రెండో బిడ్డకి ఫొటోలు తక్కువే అన్నది ఏ ఇంట్లో రెండో బిడ్డని అడిగినా చెబుతుంది. పిల్లలు బడికి వెళ్ళాక ఏడాదికి మూడొందలూ దాటలేదు. కెమెరా మళ్ళీ బీరువాలోకి.

2014లో ఇంట్లోకి స్మార్ట్ ఫోన్ వచ్చింది. గ్రాఫు మళ్ళీ లేచింది. మూడేళ్ళ చిల్లరలో 5,900. ఒక్క 2016 కృష్ణా పుష్కరాలకే నాలుగొందల పైచిలుకు. 2004 పుష్కరాలకి ఆ ఇంటివాళ్ళు తీసుకున్నవి ఎన్నో తెలుసా? ఒక రీలు!

ఇది ఒక్క ఇంటి లెక్కే కావచ్చు. కానీ లోకం లెక్క కూడా ఇదే దారిలో నడిచింది. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం లెక్కల ప్రకారం 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు మార్కెట్‌కి వెళ్ళాయి. 2020కి అవి 90 లక్షల లోపుకి పడిపోయాయి. జనం ఫొటోలు మానేశారా? లేదు. కెమెరా జేబులోకి, ఫోన్లోకి మారింది. ఎక్కడికెళ్ళినా వెంటే ఉంటుంది కాబట్టి క్లిక్కులు పెరిగాయే కానీ తగ్గలేదు.

ఇప్పుడో చిన్న లెక్క. పద్నాలుగు వేల ఫొటోలంటే 389 రీళ్ళు. ఏడాదికి రెండు రీళ్ళు వాడే పాతకాలపు ఇల్లు ఇన్ని ఫొటోలు తీయాలంటే 194 ఏళ్ళు కావాలి. ఆరేడు తరాల ఫొటోలు పన్నెండేళ్ళలో తీసేశారన్నమాట. పోనీ వాటిని చూడాలంటే? ఒక్కోదానికి మూడు సెకన్లు వేసుకున్నా 11 గంటల 40 నిమిషాలు. మధ్యలో కాఫీ కూడా తాగకూడదు!

చూడరు. చూడలేరు. అసలు కిటుకంతా అక్కడే ఉంది. తీసే ఖర్చు సున్నా అయింది కానీ చూసే టైము ఖరీదు అలాగే ఉంది.

కన్ను కెమెరాకి అప్పగిస్తే...

'చూడకపోతేనేం, తీసినప్పుడు కళ్ళారా చూశాం కదా' అంటారా? అదీ అనుమానమే. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ కొందరు విద్యార్థులని మ్యూజియానికి తీసుకెళ్ళింది. కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమంది. కొన్నిటిని ఫొటో తీయమంది. మర్నాడు అడిగితే... ఊరికే చూసినవాటి కన్నా ఫొటో తీసిన వస్తువుల్నే తక్కువగా గుర్తుంచుకున్నారు. 'కెమెరా చూసుకుంటుందిలే' అని మనసు పక్కకు తప్పుకుంటుందన్నమాట. 2014లో అచ్చయిన ఈ పరిశోధనలో ఓ మంచి కబురు కూడా ఉంది. వస్తువులో ఏదో ఒక భాగాన్ని దగ్గరగా, శ్రద్ధగా చూసి తీసినవాళ్ళకి జ్ఞాపకం చెక్కుచెదరలేదు. తప్పు కెమెరాది కాదు, పరధ్యానానిది.

అలాగని పరిమితి లేకుండా తీయడం డిజిటల్‌తోనే వచ్చిన జబ్బూ కాదు. న్యూయార్క్ వీధుల్ని ఫొటోలు తీసి పేరుపొందిన గ్యారీ వినోగ్రాండ్ 1984లో చనిపోయేనాటికి కడిగించకుండా వదిలేసిన రీళ్ళే దాదాపు 2,500. రీలుకి 36 చొప్పున తొంభై వేల ఫొటోలు. తీసిన మనిషే వాటిని చూడలేదు! కాకపోతే ఆయనొక్కడే వినోగ్రాండ్. ఈ రోజుల్లో ఇంటికొకరు.

దీనికి పూర్తిగా అటువైపు చివర కనిపించేది రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఫొటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. ఒక ఫొటోకి ఒక గాజు పలక. బరువు, ఖర్చు, శ్రమ. ఆడవాళ్ళు పరదా దాటి రాని ఆ రోజుల్లో, 1892లో, వాళ్ళ కోసమే హైదరాబాద్‌లో విడిగా జెనానా స్టూడియో తెరిచాడు. లోపల ఫొటోలు తీసేదీ మహిళే. ఇంటి ఆడవాళ్ళకీ సొంతానికి ఓ ఫొటో ఉండాలని నూట పాతికేళ్ళ నాడే ఒకాయనకి తోచింది. ఆయన 1905లో పోయినా 2,857 గాజు పలకలు మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం వాటిని కుటుంబం నుంచి కొని భద్రపరిచింది.

ఒకరివి తొంభై వేలు, ఒకరివి మూడు వేల లోపు. నిలిచేది లెక్కని బట్టి కాదు. ఎవరో ఒకరు కూర్చుని, ఎంచి, ఇది ఫలానా అని గుర్తుపెట్టిన ఫొటోయే నిలుస్తుంది. బిస్కెట్ల డబ్బాలోని ఆ 1994 ఫొటో దొరకడానికి కారణం అదే. అది ప్రింటుగా ఉంది. వెనక తేదీ ఉంది. ఎక్కడ ఉందో అక్కకి తెలుసు.

మరేం చేయాలి?

ఫొటోలు తగ్గించమని ఎవరికి చెప్పినా వినరు. వినక్కర్లేదు కూడా. తీసేవి తీయండి. ఆ తర్వాత పని కొంచెమే.

నెలకోసారి, ఓ ఆదివారం మధ్యాహ్నం అరగంట కూర్చోండి. ఆ నెల ఫొటోల్లో పది ఉంచాలనుకుంటే ఏవి ఉంచుతారో అవి మాత్రం విడిగా ఓ ఫోల్డరులో వేయండి. ఏడాదికి 120. అవి చూడ్డానికి పది నిమిషాలు చాలు.

ఏడాది చివర వాటిలోంచి 36 ఎంచి ప్రింటు వేయించండి. పాత రీలు లెక్కే! వెనక గట్టిగా నొక్కకుండా తేదీ, ఊరు, ఉన్నవాళ్ళ పేర్లు రాయండి. 'మనకి తెలుసుగా' అనుకోకండి. ముప్పై ఏళ్ళ తర్వాత చూసేవాళ్ళకి తెలియదు.

ఫొటోలన్నీ ఒకేచోట ఉంచకండి. హార్డ్ డిస్క్ చెప్పి పాడవదు. ఫోను చెప్పి పోదు. కంప్యూటర్‌లో ఒకటి, విడి డిస్క్‌లో ఒకటి, వీలైతే ఇంకో ఊళ్ళో అక్క దగ్గరో అన్న దగ్గరో ఒకటి. ఇంటర్నెట్‌లో దాచుకుంటే చాలనుకున్నవాళ్ళూ ఓ మాట గుర్తుంచుకోవాలి. ఎన్నైనా ఉచితంగా దాచుకోవచ్చన్న గూగుల్ ఫొటోస్ 2021 జూన్ నుంచి ఆ వరం వెనక్కి తీసుకుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఆఖరిది. ఇంట్లో ఎవరి ఫొటోలు లేవో చూసుకోండి. సాధారణంగా ఇద్దరే ఉంటారు. ఒకరు ఎప్పుడూ ఫొటోలు తీసేవాళ్ళు. ఇంకొకరు ఎప్పుడూ వడ్డించేవాళ్ళు. 'నాకెందుకురా, పిల్లల్ని తియ్యి' అనే మనిషి ప్రతి ఇంట్లో ఉంటుంది. ఆ మాట వినకండి. ఓ మంచి వెలుతురున్న పూట కుర్చీలో కూర్చోబెట్టి తీయండి.

ఒకే ఒక్కటి

సత్యనారాయణపురం ఇంట్లో నెల మాసికం అయిపోయింది. చుట్టాలంతా వెళ్ళిపోయారు. కొడుకు వరండాలో, వెలుతురు పడే చోట కుర్చీ వేశాడు.

'నాన్నా, ఒక్కసారి ఇలా వచ్చి కూర్చోండి.'

'ఇప్పుడు నాకెందుకురా ఫొటో?' అన్నారాయన.

'మీకు కాదు నాన్నా, నాకు కావాలి.'

ఆయన మరి మాట్లాడలేదు. లోపలికెళ్ళి చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చి కూర్చున్నారు. మొదటి ఫొటోలో కళ్ళు మూశారు. రెండోది కుదిరింది. మనవడు ఫోన్లోకి తొంగిచూసి, 'తాతయ్య తాతయ్యలాగే ఉన్నాడు' అన్నాడు.

సాయంత్రం కొడుకు దాన్ని పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి తెచ్చాడు. పెద్దాయన అద్దాలు పెట్టుకుని కాసేపు చూసుకున్నారు. తర్వాత వెనక్కి తిప్పి, మనవడి చేతిలోని పెన్సిల్ అడిగి తీసుకుని, తేదీ వేసి ఇచ్చారు.

అది బిస్కెట్ల డబ్బాలోకి వెళ్ళింది. 1994 ఫొటో పక్కన.